నోట్‌ప్యాడ్‌లో బాగానే ఉన్న షార్ట్‌కట్‌లు క్రోమ్‌లో ఎందుకు తప్పుతున్నాయి?

మీరు చెప్పినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి పెడతాను. ఇదే ఇబ్బంది పడుతున్న మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీరు ఒక తెలుగు వార్తల సైట్ డెస్కులో పనిచేస్తున్నారు. విండోస్ 11 మీద క్రోమ్, ఎస్పాన్సో వాడుతున్నారు. ఎస్పాన్సో ఒక టెక్స్ట్ ఎక్స్‌పాండర్, అంటే రెండు మూడు అక్షరాల షార్ట్‌కట్ కొడితే దాని బదులు మీరు ముందే రాసిపెట్టుకున్న పాఠాన్ని తెచ్చి పెట్టే ప్రోగ్రామ్. డేట్‌లైన్లు (వార్త మొదట్లో వచ్చే ఊరి పేరు, తేదీ), రోజూ రాయాల్సిన వాక్యాలు, ఈమెయిల్ జవాబులు అన్నీ కలిపి 60 దాకా షార్ట్‌కట్‌లు పెట్టుకున్నారు. నోట్‌ప్యాడ్‌లో అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి. క్రోమ్‌లోకి వచ్చేసరికి మూడు తేడాలు. ట్యాగుల పెట్టెలో షార్ట్‌కట్ మొదటి అక్షరం చెరగకుండా మిగిలిపోతోంది. పెద్ద పేరా రావాల్సిన చోట అంతకుముందు కాపీ చేసిన వేరే ముక్క వచ్చి పడుతోంది. తెలుగు కీబోర్డులో ఉన్నప్పుడైతే షార్ట్‌కట్ కదలడమే లేదు, కదిలినా అక్షరాలు చిందరవందర అవుతున్నాయి. క్రోమ్‌ని రెండుసార్లు తీసేసి మళ్లీ వేసినా ఫలితం లేదు.

మూడోసారి వేసినా ఫలితం ఉండదు, దయచేసి ఆ పని చేయకండి. క్రోమ్ చెడిపోలేదు, ఎస్పాన్సో కూడా చెడిపోలేదు. మీకున్నవి మూడు వేర్వేరు సమస్యలు, మూడింటికీ కారణాలు వేరు. అన్నిటినీ కలిపి ఒక్క సమస్య అనుకోవడం వల్లే ఇన్నాళ్లూ చిక్కు విడిపోలేదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ అసలు ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఎక్స్‌పాండర్‌కి మీ వెబ్ పేజీ కనిపించదు. మీరు ఏ పెట్టెలో ఉన్నారో, అందులో ఇప్పుడు ఏముందో దానికి తెలియదు. అది చేసేవి మూడే పనులు. మీరు కొట్టే కీలను వింటుంది. షార్ట్‌కట్ పూర్తికాగానే, అందులో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు బ్యాక్‌స్పేస్ కొట్టి చెరిపేస్తుంది. తర్వాత కొత్త పాఠాన్ని పెడుతుంది. వినడం, చెరపడం, పెట్టడం. అన్నీ కళ్లు మూసుకునే చేస్తుంది. నోట్‌ప్యాడ్ అడ్డు రాదు కాబట్టి అక్కడ లెక్క తప్పదు. బ్రౌజర్‌లో అలా కాదు. అదే కీలకు బ్రౌజర్, పేజీ, ఎక్స్‌టెన్షన్లు, కీబోర్డు ఎవరికి వారే స్పందిస్తాయి. మీ మూడు తేడాల్లో ట్యాగులది చెరపడంలో వచ్చింది, పాత కాపీది పెట్టడంలో వచ్చింది, తెలుగుది వినడంలోనే మొదలైంది.

ట్యాగుల సంగతి చూద్దాం. హైదరాబాద్ డేట్‌లైన్‌కి మీ షార్ట్‌కట్ ఇంగ్లిష్‌లో హెచ్, వై, డి అన్నారు. మీ సీఎంఎస్‌లో (వార్తలు రాసి సైట్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్) ట్యాగుల పెట్టె ఏం చేస్తోందో నెమ్మదిగా కొట్టి గమనించండి. ఆ మూడు అక్షరాలు పడగానే హైదరాబాద్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మిగతా భాగాన్ని తనే పూరించి, ఆ పూరించిన భాగాన్ని సెలెక్ట్ చేసి ఉంచుతుంది. సరిగ్గా అప్పుడే ఎస్పాన్సో మూడు బ్యాక్‌స్పేస్‌లు కొడుతుంది. మొదటి బ్యాక్‌స్పేస్‌కి పోయేది సెలెక్ట్ అయిన భాగం మాత్రమే, మీరు కొట్టిన అక్షరం కాదు. రెండోదానికి డి పోతుంది, మూడోదానికి వై పోతుంది. హెచ్ అక్కడే ఉండిపోతుంది, దాని పక్కన డేట్‌లైన్ వచ్చి చేరుతుంది. క్రోమ్ అడ్రస్ బార్‌లోనూ ఇదే జరుగుతుంది. మీరు తరచూ వెళ్లే సైట్ పేరుతో షార్ట్‌కట్ మొదలైతే అడ్రస్ బార్ మిగతాది పూరిస్తుంది, లెక్క ఒకటి తగ్గుతుంది. 'ఎప్పుడూ మొదటి అక్షరమే ఎందుకు మిగులుతోంది' అని మీరు అడిగారు కదా, కారణం ఇదే. ఆ గమనిక వల్లే నాకు కారణం వెంటనే దొరికింది.

దీనికి సెట్టింగ్ ఏమీ మార్చక్కర్లేదు, షార్ట్‌కట్‌ల పేర్లు మార్చాలి. ఏ పదమూ మొదలవని గుర్తుతో షార్ట్‌కట్ మొదలైతే పూరించడానికి పెట్టెకి ఏమీ దొరకదు. నా సలహా సెమీకోలన్. షిఫ్ట్ నొక్కక్కర్లేదు, వేలి కిందే ఉంటుంది. ఎస్పాన్సో తనతో ఇచ్చే ఉదాహరణల్లో కోలన్ ఉంటుంది, చాలామంది అదే పాటిస్తారు. బ్రౌజర్‌లో ఎక్కువ పని ఉన్నవాళ్లకి నేను కోలన్ చెప్పను. వాట్సాప్ వెబ్, గిట్‌హబ్ లాంటి చోట్ల కోలన్ తర్వాత అక్షరాలు కొడితే ఎమోజీల జాబితా తెరుచుకుంటుంది. స్లాష్ కూడా వద్దు, వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్‌లో అది బ్లాకుల జాబితా తెరుస్తుంది. అట్ గుర్తు గూగుల్ డాక్స్‌లో వేరే పనికి పోతుంది. 60 షార్ట్‌కట్‌లూ మార్చాలంటే విసుగే, కానీ అన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి కాబట్టి అరగంటలో అయిపోతుంది.

ఇక పాత కాపీ వచ్చి పడటం. మూడింటిలో నన్ను నిజంగా కంగారు పెట్టింది ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

ఎస్పాన్సో పాఠాన్ని రెండు రకాలుగా పెడుతుంది. చిన్నదైతే ఒక్కో అక్షరం టైప్ చేసినట్టు పంపుతుంది. 100 క్యారెక్టర్లు దాటితే క్లిప్‌బోర్డ్ (కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే చోటు) దారి పడుతుంది. అంటే మీరు కాపీ చేసి ఉంచుకున్నది పక్కన దాచి, తన పాఠాన్ని క్లిప్‌బోర్డ్‌లో పెట్టి, కంట్రోల్ వి కొట్టి, కాసేపు ఆగి, మీ పాతది మళ్లీ అక్కడ పెట్టేస్తుంది. ఆ ఆగే సమయం మామూలుగా 300 మిల్లీసెకన్లు. నోట్‌ప్యాడ్‌కి అది చాలా ఎక్కువ. కానీ మీ క్రోమ్‌లో 40 ట్యాబులు తెరిచి ఉన్నాయి. సీఎంఎస్ పేజీ బరువైనది, పక్క ట్యాబ్‌లో లైవ్ వీడియో నడుస్తోంది. కంట్రోల్ వి అందుకున్నాక క్రోమ్ క్లిప్‌బోర్డ్‌ని చదివేలోపే ఆ 300 మిల్లీసెకన్లు గడిచిపోతే, అప్పటికి అక్కడ ఉండేది మీ పాత కాపీ. క్రోమ్ పాపం ఉన్నదాన్నే పేస్ట్ చేస్తుంది.

అందుకే ఇది అన్నిసార్లూ జరగదు. ఉదయం కంప్యూటర్ ఆన్ చేయగానే బాగుంటుంది, సాయంత్రానికి తప్పులు మొదలవుతాయి. చిన్న వాక్యాలకు రాదు, పెద్ద పేరాలకే వస్తుంది. మీరు రాసిన వివరాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి.

కంగారు ఎందుకంటే, ఇది నాకు స్వయంగా జరిగింది. చాలా ఏళ్ల క్రితం కస్టమర్ల ఈమెయిళ్లకు జవాబులు రాసే ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఒకావిడకి పంపాల్సిన మామూలు జవాబు మధ్యలో, అంతకుముందు కాపీ చేసిన వేరే కస్టమర్ ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ పడ్డాయి. చూసుకోకుండా పంపేశాను. ఆ రెండో మనిషికి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ఆరోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మీది వార్తల డెస్కు. మీ క్లిప్‌బోర్డ్‌లో ఉండేది సమాచారం ఇచ్చిన మనిషి నంబర్ కావచ్చు, పేరు బయటపెట్టకూడని బాధితురాలి వివరం కావచ్చు. అది పబ్లిష్ అయిన వార్తలో పడితే తర్వాత తీసేసినా జరిగిన నష్టం జరిగినట్టే. కాబట్టి సరిచేసేదాకా పెద్ద పేరాల షార్ట్‌కట్‌లు సీఎంఎస్‌లో నేరుగా వాడకండి. నోట్‌ప్యాడ్‌లో విప్పి, చూసుకుని, అక్కడి నుంచి తెచ్చుకోండి.

సరిచేసే పద్ధతి చెబుతాను. ఎస్పాన్సో కాన్ఫిగ్ ఫోల్డర్‌లో డీఫాల్ట్ ఫైల్ పక్కన క్రోమ్ కోసం విడిగా ఒక ఫైల్ పెట్టుకోవచ్చు. ఫిల్టర్ ఎగ్జెక్ అనే చోట క్రోమ్ ప్రోగ్రామ్ పేరు ఇస్తే, ఆ సెట్టింగులు క్రోమ్‌లో ఉన్నప్పుడే అమలవుతాయి, మిగతా ప్రోగ్రాముల వేగం తగ్గదు. అందులో రిస్టోర్ క్లిప్‌బోర్డ్ డిలేని 300 నుంచి 1000కి పెంచండి. పేస్ట్ కొట్టేముందు ఆగే ప్రీ పేస్ట్ డిలేని కూడా కొంచెం పెంచండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. షార్ట్‌కట్ విప్పిన వెంటనే ఆ సెకనులోపు మీరే కంట్రోల్ వి కొడితే మీరు కాపీ చేసింది రాదు, మళ్లీ ఆ పేరానే వస్తుంది. ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకోవాలి.

డిలే పెంచినా తగ్గలేదంటే క్లిప్‌బోర్డ్ దగ్గర ఇంకెవరో ఉన్నారు. విండోస్‌లో క్లిప్‌బోర్డ్‌ని ఒక సమయంలో ఒక ప్రోగ్రామే తెరవగలదు. కాపీ చేసినవన్నీ దాచిపెట్టే క్లిప్‌బోర్డ్ మేనేజర్ ఏదైనా వేసుకుని ఉంటే, ఎస్పాన్సో కొత్త పాఠం పెట్టగానే అది చదవడానికి పరుగెత్తుతుంది, అదే క్షణంలో క్రోమ్ వెళితే తలుపు మూసి ఉంటుంది. రెండు రోజులు ఆ మేనేజర్‌ని ఆపి చూడండి. విండోస్ కీ, వి కలిపి నొక్కితే వచ్చే విండోస్ సొంత హిస్టరీ 2018 చివర్లో విండోస్ 10తో వచ్చింది, 25 దాకా ముక్కలు దాచుకుంటుంది. అందులో వేరే కంప్యూటర్లతో సింక్ చేసే వీలు కూడా ఉంది. డెస్కు కంప్యూటర్‌లో ఆ సింక్ ఆపి ఉంచమని నా గట్టి సలహా.

కొందరికి పాత కాపీ బదులు ఉత్త ఇంగ్లిష్ వి అక్షరం ఒక్కటే పడుతుంది. అంటే కంట్రోల్ కీ నొక్కిన సంగతి పేజీకి చేరలేదు, వి మాత్రమే చేరింది. అక్కడ కీకీ కీకీ మధ్య ఆగే సమయాన్ని కాస్త పెంచాలి.

మూడోది తెలుగు. ఇంగ్లిష్‌లో రాసిన సలహాల్లో దీని ప్రస్తావనే కనిపించదు, మనవాళ్లకు మాత్రం రోజూ ఎదురయ్యేది ఇదే.

మీరు ఇన్‌స్క్రిప్ట్‌లో (ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే కీబోర్డు లేఅవుట్) టైప్ చేస్తుంటే, సెమీకోలన్ ఉన్న కీ నొక్కితే పడేది సెమీకోలన్ కాదు, చ. కాబట్టి సెమీకోలన్‌తో మొదలయ్యే షార్ట్‌కట్ ఎక్స్‌పాండర్‌కి వినిపించనే వినిపించదు. ఫొనెటిక్ వాడేవాళ్ల చిక్కు ఇంకో రకం. మైక్రోసాఫ్ట్ తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ 2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో చేరింది, చాలామంది ఇప్పుడు దాని మీదే ఉన్నారు. అందులో మీ వేళ్లు కొట్టేది ఇంగ్లిష్ అక్షరాలు, తెర మీద పడేది తెలుగు. పైగా ఆ పదం ఇంకా ఖాయం కాలేదు, కింద గీతతో ఎదురుచూస్తూ ఉంటుంది. ఎక్స్‌పాండర్ విన్నది నాలుగు ఇంగ్లిష్ కీలు కాబట్టి నాలుగు బ్యాక్‌స్పేస్‌లు కొడుతుంది. కానీ పెట్టెలో ఉన్నది రెండు తెలుగు అక్షరాలే అయితే మిగతా రెండు దెబ్బలు ముందున్న పదానికి తగులుతాయి. మీరు చిందరవందర అన్నది అదే.

పాఠం పెట్టడంలోనూ తెలుగుకి ఒక లెక్క ఉంది. 'రాష్ట్రం' అనే మాట కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్ లోపల అది ఎనిమిది: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. అందువల్ల మనకు చిన్నదిగా కనిపించే తెలుగు వాక్యం కూడా 100 దాటేస్తుంది. దాటకపోతే ఒక్కో ముక్కగా ఎడిటర్‌లోకి వెళుతుంది. క్రోమ్ మామూలు పెట్టెల్లో ఇది బాగానే ఉంటుంది. కానీ ప్రతి కీకీ తన లెక్క తను చూసుకునే బరువైన ఎడిటర్లలో పొల్లు ఒకచోట, వత్తు ఒకచోట పడటం నేను చూశాను. కాబట్టి తెలుగు పాఠాలన్నిటికీ, అవి ఎంత చిన్నవైనా సరే, ఫోర్స్ క్లిప్‌బోర్డ్ అనే ఆప్షన్ ఆన్ చేయండి. మొత్తం ఒకేసారి పేస్ట్ అవుతుంది, అక్షరాలు విడిపోవు. పైన చెప్పిన డిలే మార్పు ముందు చేసుకున్నాకే ఇది చేయండి.

షార్ట్‌కట్ కొట్టేటప్పుడు ఏ కీబోర్డులో ఉండాలి? ఫొనెటిక్ అయితే నిస్సందేహంగా ఇంగ్లిష్‌లో. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి వచ్చి, షార్ట్‌కట్ కొట్టి, మళ్లీ అలాగే వెనక్కి వెళ్లండి. రెండు వారాల్లో చేతికి అలవాటవుతుంది. ఇంగ్లిష్‌కి మారేముందు స్పేస్ కొట్టి, రాస్తున్న పదాన్ని ఖాయం చేయడం మరవద్దు. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఎక్స్‌టెన్షన్‌తో రాసేవాళ్లూ ఇలాగే ముందు ఇంగ్లిష్‌కి మారాలి, కానీ ఆ మార్పు ఎక్స్‌టెన్షన్‌లోనే చేసుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకు ఇంకో దారి ఉంది. అక్కడ నొక్కిన కీకి అక్షరం వెంటనే పడుతుంది, ఎదురుచూపు లేదు. కాబట్టి షార్ట్‌కట్‌నే తెలుగులో పెట్టుకోవచ్చు. ఙ అనే అక్షరం లేఅవుట్‌లో ఉంది, మన వార్తల్లో దాదాపు రాదు. దాని పక్కన ఒక హల్లు, ఉదాహరణకు ఙహ, అని పెట్టుకుంటే పొరపాటున ఎప్పుడూ విప్పుకోదు. గుణింతం, వత్తు ఉన్న అక్షరాలు మాత్రం షార్ట్‌కట్‌లో వద్దు. బ్యాక్‌స్పేస్‌కి ఒక ఎడిటర్ వత్తును మాత్రమే చెరుపుతుంది, ఇంకొకటి అక్షరం మొత్తాన్ని తీసేస్తుంది. లెక్క మళ్లీ తప్పుతుంది. కీబోర్డ్ లేఅవుట్ కొత్తగా చేర్చాక ఎస్పాన్సోని ఒకసారి రీస్టార్ట్ చేయండి.

మీరు అడగకపోయినా, మీకు రేపోమాపో ఎదురయ్యేది ఒకటి చెప్పాలి. నాలుగు వరుసల సంతకాన్ని వాట్సాప్ వెబ్‌లో విప్పితే నాలుగు వేర్వేరు మెసేజ్‌లుగా వెళ్లిపోవచ్చు. అక్షరం అక్షరం పంపే పద్ధతిలో కొత్త వరుస అంటే ఎంటర్ కీ, చాట్‌లో ఎంటర్ అంటే పంపడం. ఒక్కటికన్నా ఎక్కువ వరుసలున్న దేనికైనా క్లిప్‌బోర్డ్ పద్ధతే పెట్టండి. అలాగే జీమెయిల్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్‌లు ఆన్ చేసుకుని ఉంటే, కర్సర్ రాసే పెట్టెలో ఉందో లేదో చూసుకోవాలి. పెట్టె బయట ఉండగా విప్పితే పాఠంలోని ఒక్కో అక్షరం ఒక్కో ఆదేశం అవుతుంది, ఇంగ్లిష్ ఇ అక్షరానికి మెయిల్ ఆర్కైవ్‌లోకి వెళ్లిపోతుంది.

మీ క్రోమ్‌లో కూడా ఇంకో టెక్స్ట్ ఎక్స్‌పాండర్ ఎక్స్‌టెన్షన్ ఉందని చివర్లో ఒక వాక్యంలో రాశారు. రెంటిలో ఒకటే ఉంచండి. ఒకే షార్ట్‌కట్ రెండింట్లో ఉంటే రెండూ చెరుపుతాయి, రెండూ పెడతాయి. ఏది ఉంచాలంటే, పనంతా బ్రౌజర్‌లోనే అయితే ఎక్స్‌టెన్షన్‌కి ఒక లాభం ఉంది: అది పేజీ లోపలే ఉంటుంది కాబట్టి పెట్టెలో ఏముందో చూడగలదు. కానీ అడ్రస్ బార్‌లో, క్రోమ్ సెట్టింగ్స్ పేజీల్లో, క్రోమ్ వెబ్ స్టోర్‌లో అది పనిచేయదు. మీరే అనుమతి ఇస్తే తప్ప ఇన్‌కాగ్నిటో విండోలో కూడా రాదు. మీరు వర్డ్‌లో, మెసెంజర్ యాప్‌ల్లో కూడా రాస్తారు కాబట్టి నేనైతే ఎస్పాన్సోనే ఉంచుతాను.

క్రోమ్‌లో షార్ట్‌కట్ ఒక్కచోట కూడా వినిపించకపోతే చూడాల్సింది వేరు. క్రోమ్‌ని ఎవరైనా అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచారా? విస్టా నుంచి విండోస్‌లో ఉన్న భద్రతా నియమం ప్రకారం, మామూలు హక్కులున్న ప్రోగ్రామ్ అడ్మిన్ హక్కులున్న విండోలోకి కీలు పంపలేదు. ఎక్స్‌పాండర్‌కి అడ్మిన్ హక్కులు ఇవ్వడం దీనికి పరిష్కారం కాదు, క్రోమ్‌ని మామూలుగా తెరవాలి. మ్యాక్ వాడే మీ సహోద్యోగికీ షార్ట్‌కట్‌లు ఆగిపోతున్నాయని రాశారు, దానికి మరో కారణం ఉంది. పాస్‌వర్డ్ పెట్టెలో కర్సర్ ఉన్నంతసేపు మ్యాక్ సెక్యూర్ ఇన్‌పుట్ ఆన్ చేస్తుంది, అప్పుడు ఏ ఎక్స్‌పాండర్‌కీ కీలు వినిపించవు. ఒక్కోసారి బ్రౌజర్ గానీ పాస్‌వర్డ్ మేనేజర్ గానీ దాన్ని వదిలిపెట్టదు, అప్పుడు అన్ని యాప్‌లలోనూ షార్ట్‌కట్‌లు ఆగిపోతాయి. లాగిన్ పేజీ ఉన్న ట్యాబ్ మూసి, కుదరకపోతే బ్రౌజర్ పూర్తిగా మూసి తెరిస్తే చాలావరకు వదులుతుంది.

పరీక్ష చేసే తీరు గురించి ఒక మాట. మీరు ఎడ్జ్‌లోనూ అలాగే ఉందని రాశారు. ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం మీదే నడుస్తోంది, కాబట్టి ఇంజిన్ తేడా దానితో తెలియదు. ఇంజిన్ తేడా చూడాలంటే ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. ఎక్స్‌టెన్షన్ తప్పా అన్నది తేలాలంటే క్రోమ్‌లోనే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో విండోలో అదే పేజీ తెరవండి. అక్కడ బాగుండి ఇక్కడ తప్పుతుంటే వ్యాకరణం దిద్దేవి, ఫారాలు నింపేవి ఒక్కొక్కటే ఆపుతూ రండి. అన్నీ ఒకేసారి ఆపితే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

ఈ రాత్రి డ్యూటీకి ముందు రెండు పనులు చాలు: రిస్టోర్ డిలే 1000 చేయడం, ఆ రెండో ఎక్స్‌టెన్షన్ ఆపడం. పేర్లు మార్చడం, తెలుగు పాఠాలకు ఫోర్స్ క్లిప్‌బోర్డ్ పెట్టడం సెలవు రోజున తీరిగ్గా చేసుకోండి. మార్చేముందు ఆ ఫోల్డర్ మొత్తానికి ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఆ ఫైళ్లు ఎవరైనా తెరిచి చదవగల మామూలు టెక్స్ట్ ఫైళ్లు, వాటిలో పాస్‌వర్డ్ గానీ ఆధార్ నంబర్ గానీ ఉంటే ఈరోజే తీసేయండి. వారం తర్వాత కూడా ఏదైనా మిగిలితే మూడు సంగతులు రాయండి: ఏ పెట్టెలో కొట్టారు, అప్పుడు ఏ కీబోర్డు ఆన్‌లో ఉంది, రావాల్సినదానికి బదులు తెర మీద అక్షరం పొల్లుపోకుండా ఏం వచ్చింది. 'మొదటి అక్షరం మిగిలింది' అని మీరు ఈసారి రాసినంత కచ్చితంగా రాస్తే, మిగతాది నేను చూసి చెబుతాను.